ఆగమమా? ఆదేశమా? : పాత బండి రంగును గురించి

పాత బండి కంటబడగానే మనవారి నోట వెలువడే మొదటి మాట ఒకటున్నది: "ఒకసారి రంగు వేయించరాదూ?" అందులో చెడుతలంపు ఏమీ లేదు. ఇంటికి సున్నం కొట్టించమన్నట్లు, చెప్పులకు కొత్త అట్ట వేయించమన్నట్లు, ఎదుటివాని మేలు కోరి అనే మాటే. అయినప్పటికీ అది చాలాసార్లు తప్పు సలహా అనిన్నీ, కర్మాగారంలో వేసిన మొదటి రంగు ఎంత వెలసినా సరే, ఇనుమును అంటిపెట్టుకొని ఉన్నంతవరకు దానిని గీకించి కొత్తరంగు వేయించరాదనిన్నీ నా అభిప్రాయం.

తెలుగు పండితునికి బండి రంగులతో పనేమిటని అడిగే మిత్రులుంటారు. పని ఉన్నది. తరగతిలో ఆగమానికీ ఆదేశానికీ భేదం చెప్పేటప్పుడు పూర్వులు వాడిన పోలిక ఒకటి మీకు గుర్తుండే ఉంటుంది. ఆగమం మిత్రుని వంటిది. ఉన్న అక్షరాన్ని కదపకుండా వచ్చి ప్రక్కన కూర్చుంటుంది. ఆదేశం శత్రువు వంటిది. ఉన్న అక్షరాన్ని వెళ్లగొట్టి దాని పీటమీద తాను కూర్చుంటుంది. 'మా అమ్మ' అన్నచోట యకారం మిత్రునిలా వచ్చి చేరితే 'మాయమ్మ' అయినది. ఎవరికీ నష్టం లేదు. 'వారు పోరు' అన్నచోట వకారం వచ్చి పకారాన్ని త్రోసివేస్తే 'వారు వోరు' అయినది. పాత బండికి మైనం పూయడం ఆగమం. గీకి, లప్పం పెట్టి, కొత్తరంగు కొట్టడం ఆదేశం. భాషలో రెండూ కావలసినవే. కాని భాషలో పోయిన పకారం ఇంకొకచోట భద్రంగా ఉంటుంది. బండిమీద పోయిన రంగు ఇంకెక్కడా ఉండదు.

నాకు 1988లో కొన్న బజాజ్ చేతక్ ఒకటున్నది. లేత నీలం. రాణా ప్రతాపుని గుర్రం పేరు పెట్టుకొని 1972లో వచ్చిన ఈ బండి ఇటలీ వారి వెస్పాకు మనదేశపు వారసురాలు. బండికోసం డబ్బు కట్టి ఏండ్ల తరబడి ఎదురుచూసిన కాలం ఒకటుండేదని ఇప్పటి పిల్లలకు చెబితే కథ అనుకుంటారు. ప్రొద్దున్నే కదలకపోతే ప్రక్కకు వంచి, మళ్లీ నిలబెట్టి, కిక్కు కొట్టే తంతు మన తరానికి సంధ్యావందనమంత అలవాటు. ఆ పాత చేతక్ ఆగిపోయి చాలాకాలమైనది. 2020లో అదే పేరుతో విద్యుత్తు బండి అమ్మకానికి వచ్చినది. పేరు మాత్రమే మిగిలినది; అదీ ఒక ఆదేశమే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మోటారు సైకిలుకు చట్రం వేరు, పై తొడుగు వేరు. చేతక్ వంటి బండికి ఉక్కురేకును అచ్చులో నొక్కి అతికిన ఒళ్లే ఎముక కూడా. కాబట్టి దాని రంగు సొగసుకు మాత్రమే కాదు. అది పోతే త్రుప్పు తినేది చర్మాన్ని కాదు, అస్థిపంజరాన్ని. మాది బాపట్ల; సూర్యలంక సముద్రం దగ్గరే. ఆ గాలిలోని ఉప్పు ఇనుమును ఎట్లా తింటుందో మా ఊరి కిటికీ ఊచలను అడిగితే చెబుతాయి.

మా అబ్బాయికి హైదరాబాదులో ఉద్యోగం. మొన్న పండుగకు వచ్చినప్పుడు, "నాన్నగారూ, దీనిని నేను తీసుకువెళ్లి కొత్తదానిలా చేయించి తెస్తాను, ఖర్చు నాది" అన్నాడు. ప్రేమతో అన్న మాట. వాళ్లమ్మ కూడా వాని పక్షమే. ఎడమవైపు డొప్పమీద ఆమె చెప్పులు రాసుకొని రాసుకొని పడిన గీతలు ఒక జానెడు మేర ఉన్నవి. "ఆ గీతలు చూస్తే నాకే సిగ్గుగా ఉంటుంది, నలుగురూ ఏమనుకుంటారు?" అని ఆమె వాదం. ఇద్దరొక వైపు, నేనొక్కడినీ ఒక వైపు. నా వాదమేమిటో ఇంట్లో ఒక్కసారిగా చెప్పనివ్వరు గనుక ఇక్కడ చెబుతున్నాను.

మొదట, ఆ రంగు ఎట్లా పుట్టినదో చూడాలి. కర్మాగారంలో రేకుకు జిడ్డు వదలగొట్టి, ఫాస్ఫేటు ద్రావణంలో తడిపి, రంగు పట్టేందుకు వీలైన సన్నని గరుకుపొర ఏర్పరుస్తారు. ఆపైన ప్రైమరు, దానిమీద అసలు రంగు. తరువాత వేడిగదిలో సుమారు 130 నుండి 150 డిగ్రీల సెల్సియస్ వరకు కాలుస్తారు. ఆ వేడికి రంగులోని రెసిను అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి వలలా బిగుస్తాయి. అప్పటికి బండికి తీగలు లేవు, రబ్బరు లేదు, సీటు లేదు, ఉత్త రేకు. అందుచేతనే అంత వేడి సాధ్యమైనది. అదే బండి ముప్పైయేండ్ల తరువాత వీధిచివరి షెడ్డుకు వెళితే, దానిని ఆ వేడిలో ఎవరు పెట్టగలరు? మంచి షెడ్డులో గట్టిపడే మందు కలిపిన రెండుభాగాల రంగు వేసి, 60 డిగ్రీల దగ్గర ఆరబెడతారు. చౌక షెడ్డులో మనం డ్యూకో అని పిలిచే నైట్రోసెల్యులోజు రంగు కొట్టి గాలికి వదిలేస్తారు. అందులో అణువులు ముడిపడేది లేదు, థిన్నరు ఎగిరిపోవడమే ఆరడం. మళ్లీ థిన్నరు తగిలితే మళ్లీ కరుగుతుంది. పెయింటర్ల పనితనాన్ని నేను తక్కువ చేయడం లేదు. వారిలో చేయితిరిగిన శిల్పులున్నారు. కాని పదార్థం వేరు.

మా వీధిలోని ఒక పెద్దమనిషి తన మీగడరంగు స్కూటరును ఇట్లాగే చేయించారు. మొదటి రంగు నిక్షేపంగా ఉన్నది, మెరుపు మాత్రమే తగ్గినది. దానిని ఇనుము కనబడేదాకా నీటికాగితంతో రుద్దించారు. చిన్న చిన్న సొట్టలకు లప్పం పెట్టించారు. తెచ్చిన రోజున పెండ్లికూతురిలా ఉన్నది. రెండు వానకాలాలు గడిచేసరికి అంచుల వెంబడి పొక్కులు లేచినవి. తడి రుద్దుడులో మిగిలిన చెమ్మ, నీటిని పీల్చే గుణమున్న లప్పం, రెండూ కలిసి లోపల పని చేశాయి. ఇప్పుడు ఆయన మళ్లీ రంగు వేయించాలంటున్నారు. ఒకసారి ఆదేశం మొదలైతే ఆగదు.

రంగు వెలవడమంటే ఏమిటి? ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైపొరలోని రెసినును కొంచెం కొంచెంగా విరుస్తాయి. రెసిను పోయేసరికి దానిలో చిక్కుకున్న వర్ణకపు రేణువులు పొడిగా విడిపడతాయి. చేత్తో తడిమితే అరచేతికి పొడి అంటుకుంటుంది. దీనిని ఇంగ్లీషువారు కూడా సుద్దపట్టడమనే అంటారు. ముప్పైయేండ్లకు పైగా సుద్దముక్కతో బ్రతికినవాడిని కనుక ఈ మాట నాకు నచ్చినది. తెల్లరంగులో ఉండే టైటానియం డయాక్సైడు ఎండ, చెమ్మ తగిలినప్పుడు తన చుట్టూ ఉన్న రెసిను విరగడానికి తానే తోడ్పడుతుంది. అందుచేత తయారీదారులు ఆ రేణువులకు అల్యూమినా, సిలికాల తొడుగు వేస్తారు. ఎరుపు సంగతి వేరు. ఎర్రని వర్ణకం శక్తి ఎక్కువ గల నీలికిరణాలను మింగుతుంది. పాతకాలపు ఎరుపులు ఆ దెబ్బకు తాళలేక గులాబిరంగుకు తిరిగేవి. ఆ కాలపు ఎర్రని మారుతి 800 ఎండలో నిలిచి నిలిచి ఏ రంగుకు దిగినదో మీరూ చూసి ఉంటారు.

ముఖ్యమైన మాట ఏమిటంటే, సుద్దపట్టినది పైపొర మాత్రమే. క్రింద అసలు రంగు పచ్చిగా, నిండుగా ఉన్నది. పాత అంబాసిడర్లు, పద్మినీలు, చేతక్‌లలో అధికభాగానికి వేసినది ఏకపొర రంగు. అనగా పైనుంచి క్రిందిదాకా వర్ణకం ఉన్నటువంటిది. తరువాతి కార్లకు పలుచని రంగుపొర, దానిమీద రంగులేని పారదర్శక పొర వేయడం వాడుకలోకి వచ్చినది. తేడా తెలుసుకోవడం సులువు. కంటబడని మూల ఒకటి చూసి, తెల్లబట్టమీద కాస్త పాలిష్ వేసి మెల్లగా రుద్దండి. బట్టకు బండిరంగు అంటితే అది ఏకపొర. అంటకపోతే పైన పారదర్శక పొర ఉన్నదన్నమాట. మధ్యలో ఎవరైనా షెడ్డులో కొట్టించారా అన్న అనుమానముంటే, ఆ మూలలోనే థిన్నరు చుక్క తగిలించిన బట్టతో చూడండి. వేడిలో కాలిన రంగు త్వరగా చలించదు. డ్యూకో జిగటగా కరిగి బట్టకు వస్తుంది. రబ్బరు అంచులమీద, స్క్రూల తలలమీద రంగు తుంపరలున్నాయేమో కూడా చూడాలి. కొట్టేటప్పుడు కాగితం సరిగా అంటించని షెడ్డు అట్లా సాక్ష్యం వదిలిపెడుతుంది.

బట్టకు రంగు అంటగానే భయపడి పాలిష్ మానేసేవారున్నారు. భయం అనవసరం, మితం అవసరం. కారు మీది పొరలన్నీ కలిపి మందం సుమారు 100 నుండి 150 మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. మన తెల్లకాగితం ఒక్కటి ఇంచుమించు 100 మైక్రాన్లుంటుంది. అంటే మీ బండికీ త్రుప్పుకూ నడుమ ఉన్నది ఒకటిన్నర కాగితమంత గోడ. దానిని ప్రతి పండుగకూ కాంపౌండు పెట్టి రుద్దిస్తే ఎన్ని పండుగలు వస్తుంది? సర్వీసింగుకు ఇచ్చినప్పుడు "రబ్బింగు చేయమంటారా?" అని అడుగుతారు. వద్దని చెప్పండి. మిషనుకు కట్టిన గరుకు మెత్త అంచులమీద, మడతలమీద నిమిషంలో ప్రైమరు దాకా పోతుంది. మా అబ్బాయి స్నేహితుని కారు బానెట్టు మడత వెంబడి బూడిదగీత ఒకటి అట్లా తేలినదే.

నేను చేసేది ఇది. ప్రొద్దున ఎండ రాకముందు, నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు కడగడం. ముందు ఉత్తనీరు ధారగా పోసి దుమ్మును వదలనివ్వాలి. దుమ్ముమీద బట్ట వేస్తే అది బట్ట కాదు, గరుకుకాగితం. రెండు బకెట్లు: ఒకదానిలో బండికి అమ్మే షాంపూ కలిపిన నీరు, రెండవదానిలో బట్ట జాడించుకొనే నీరు. బట్టల సబ్బుపొడి క్షారం. సుద్దపట్టిన రంగును ఇంకా ఎండగడుతుంది. కొబ్బరిపీచు అంట్లకు పరిమితం కావాలి. మా ఊళ్లో బోరునీటికి ఉప్పు. ఆరితే తెల్లచుక్కలు మిగిలి రంగులోకి దిగుతాయి. కాబట్టి వెంటనే మెత్తబట్టతో అద్దాలి. కిరోసిన్ గుడ్డతో తుడిచి మెరిపించడం పాత డ్రైవర్ల అలవాటు. ఆ మెరుపు మధ్యాహ్నం దాకా ఉంటుంది, తరువాత ఆ జిడ్డుకు ఊరిలోని దుమ్మంతా వచ్చి చేరుతుంది.

ఎండిన ఏకపొర రంగుకు ముందు కావలసినది కోత కాదు, నూనె. నూనెపాలు ఎక్కువగా, రాపిడి లేకుండా ఉండే పాలిష్‌ను దండిగా పూసి, రాత్రంతా వదిలి, మర్నాడు తుడిస్తే ఆ లేత నీలం అడుగునుంచి పైకి తేలినట్లు కనబడుతుంది. ఒకసారి చాలకపోతే రెండవసారి. ఆపైన మైనం. ఇక్కడ ఒక ముచ్చట చెప్పనివ్వండి. మైనాలలో పేరున్నది కార్నౌబా. అది బ్రెజిల్ దేశంలోని ఒక తాటిజాతి చెట్టు ఆకులమీద ఏర్పడే పొర. ఎండకు ఆకులోని నీరు ఆవిరైపోకుండా చెట్టు తనకోసం చేసుకొన్న కవచం. ఆకులను ఎండబెట్టి, కొట్టి, రాలిన పొడిని కరిగిస్తారు. 80 డిగ్రీలు దాటితేగాని కరగదు గనుక మన రోహిణికార్తెకు కూడా నిలుస్తుంది. మన పెద్దలు తాటాకులమీద వ్రాసి, పురుగు పట్టకుండా, పెళుసెక్కకుండా నిమ్మగడ్డి నూనె పూసి దాచారు. ఇక్కడ తాటాకుకు తైలం, అక్కడ తాటాకునుంచే తైలానికి దీటైన మైనం. తాళపత్రం మాసిందని దానిమీద అక్షరాలు గీకి కొత్తగా వ్రాయమని ఎవరైనా అంటే మనం ఏమంటాం?

ఎండ ఎక్కువగా ఉండే మన దేశంలో మైనం మూడు నెలలకొకసారి వేయవలసి వస్తుంది. కాని దానికన్నా మేలైనది నీడ. నీడలోనూ రకాలున్నవి. చింతచెట్టు, వేపచెట్టు క్రింది నీడలో జిగురు, పిట్టల రెట్టలు తప్పవు. రెట్ట ఎండలో ఒక్కపూట ఉంటే రంగుమీద మచ్చ పడుతుంది. తడిగుడ్డ కప్పి నానబెట్టి తీయాలిగాని గోకరాదు. ప్లాస్టిక్ పట్టా కప్పడం మాత్రం మహాదోషం. చెమ్మ లోపలే మగ్గి పొక్కులు లేపుతుంది. గాలాడే నూలుగుడ్డ కప్పండి.

దసరాకు వాహనపూజ సంగతి చెబితే కొందరికి కోపం రావచ్చు. పూజ నేనూ చేస్తాను. పసుపు, కుంకుమ, గంధం తడిపి నేరుగా రంగుమీద పెడితే సుద్దపట్టిన పొర వాటిని పీల్చుకుంటుంది. మరుసటి దసరా దాకా ఆ మచ్చ ఉంటుంది. కుంకుమలో సున్నపు క్షారముంటుంది, నిమ్మకాయలో ఆమ్లముంటుంది. బొట్టు హెడ్‌లైటు అద్దంమీద పెట్టండి. దేవునికి అభ్యంతరం ఉన్నట్లు నేనెక్కడా చదవలేదు. కొబ్బరినీళ్లు పడితే వెంటనే కడిగేయండి.

ఇంతమాత్రాన ఎన్నడూ రంగు వేయించరాదని నా వాదం కాదు. పారదర్శక పొర చేపపొలుసులా లేచిపోయిన కారు పైకప్పును ఏ నూనే, ఏ మైనమూ బాగుచేయలేవు. అక్కడ మిగిలినది లేదు గనుక కాపాడేదీ లేదు. ఆ ఒక్క పలకకు రంగు వేయించవలసినదే. త్రుప్పు తిని రంధ్రం పడినచోట కోసి, కొత్తరేకు అతికించి, అంతవరకే రంగు వేయించాలి. గోరంత ఇనుము బయటపడినచోట త్రుప్పు గీకి, ప్రైమరు పెట్టి, సన్నని కుంచెతో రంగు అద్దితే చాలు. అందం కొంచెం తక్కువైనా ఆయుష్షు ఎక్కువ. మడ్‌గార్డుల అడుగున పేరుకొన్న మట్టి, కారు తలుపుల అడుగున నీరుపోయే బెజ్జాలలో అడ్డుపడిన చెత్త, వీటిని తీయడం పైమెరుపుకన్నా ముఖ్యం. వాటిని చూపించే యజమానిని నేను ఇంతవరకు చూడలేదు. మెరుపును చూపించేవారే అందరూ.

రిజిస్ట్రేషను పొడిగింపుకు కొత్తరంగు ఉండాలని భయపెట్టే దళారులున్నారు. సొంత బండికి పదిహేనేండ్లు నిండిన తరువాత అయిదేసి ఏండ్లకు పొడిగించేటప్పుడు చూడవలసినది బండి నడకకు పనికివస్తుందా లేదా అన్నది. పెండ్లిచూపులకు పనికివస్తుందా అన్నది కాదు. పైగా రంగు పేరు రిజిస్ట్రేషను పత్రంలో వ్రాసి ఉంటుంది. మోజుపడి వేరే రంగు కొట్టిస్తే దానిని రవాణా శాఖవారికి తెలిపి నమోదు చేయించుకోవాలి.

ఇదంతా లక్షల విలువచేసే కార్ల యజమానుల వేడుక, మన స్కూటరుకెందుకని మా అబ్బాయి అడిగాడు. పాత కార్ల ప్రదర్శనకు లోకమంతా పేరుపడిన కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్‌లో, తిరగవేయని, మొదటి స్థితిలోనే నిలిచిన కార్లకు ఒక ప్రత్యేక విభాగమే ఉన్న మాట నిజం. కాని మనదేశంలోనూ 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం చేసిన నియమాలున్నవి. యాభైయేండ్లు దాటిన రెండు చక్రాల, నాలుగు చక్రాల వాహనాలలో మొదటి రూపంలో నిలిచి, పెద్ద మార్పులు చెందనివాటిని 'వింటేజ్' వాహనాలుగా గుర్తించి, నంబరులో ప్రత్యేకాక్షరాలతో నమోదు చేస్తారు. రోజువారీ తిరుగుడుకు అనుమతి లేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతులకు నడుపుకోవచ్చు. స్కూటరు అని చిన్నచూపు చూడలేదు ప్రభుత్వం. నా చేతక్‌కు 2038లో యాభై నిండుతాయి. అప్పటికి నాకు ఎనభై దాటుతాయి. ఆ కాగితాలమీద సంతకం చేయవలసినవాడు మా అబ్బాయే.

ఈ మాట విన్నాక వాడు మెత్తబడ్డాడు. క్రిందటివారం వచ్చినప్పుడు ఫుట్‌బోర్డు మూలన త్రుప్పు తేలినచోటికి సరిపడే చిన్నసీసాడు నీలం కలిపించి తెచ్చాడు. కర్మాగారపు నీలంతో కాకుండా, వెలసిన నీలంతో పోల్చి కలిపించాడు. అడగకుండానే ఆ తేడా గ్రహించినందుకు నాకు సంతోషం కలిగినది. దానితోపాటు అరడజను మెత్తని తుడుపుబట్టలు తెచ్చాడు. రెండింటిని వాళ్లమ్మ దేవుని పటాలు తుడవడానికి అప్పుడే తీసుకున్నది. డొప్పమీది గీతల విషయంలో ఆమె ఇంకా ఒప్పుకోలేదు.